అట్ట మీది అమ్మాయి ఎవరిని చూస్తోంది?

జర్నలిజం చదివే పిల్లలకు ఒక ప్రశ్న తప్పదు. ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రం తన పాఠకురాలిని ఎలా ఆకట్టుకుంటుందో వివరించుము. జవాబు కూడా నోట్సుల్లో తరతరాలుగా చేతులు మారుతూ వస్తోంది. అట్ట మీది అమ్మాయి సూటిగా మన కళ్లలోకి చూస్తుంది, కనుక ఆత్మీయత. లిప్‌స్టిక్ ఎరుపు, కనుక ఉద్వేగం. తల వెళ్లి పత్రిక పేరులో రెండక్షరాలను కప్పేసింది, కనుక పేరు చెప్పకపోయినా లోకానికి తెలుసన్న ధీమా. నడుం మీద చెయ్యి పెట్టింది, కనుక స్త్రీ సాధికారత. పది మార్కుల ప్రశ్నకి ఈ నాలుగూ రాస్తే ఏడు ఖాయం. అక్షరాల మందం గురించి ఒక ముక్క చేరిస్తే ఎనిమిది.

మా వీధి మలుపులో కూరగాయల బండి ఆగుతుంది. గోంగూర కట్ట ధర విని నడుం మీద చెయ్యి పెట్టుకునే ఆడవాళ్లు అక్కడ రోజూ కనిపిస్తారు. బండివాడి కళ్లలోకి సూటిగా చూస్తారు కూడా. దాన్ని సాధికారత అని ఎవరైనా మెచ్చుకోగా నేను వినలేదు, గయ్యాళితనం అనడం మాత్రం చాలాసార్లు విన్నాను. భంగిమ అదే, చూపు అదే. తేడా అల్లా ఒంటి మీది బట్టలు ఎవరు పంపారన్న దగ్గరే.

ఈ పాఠంలో ఎరుపుతో నాకు పేచీ లేదు, అక్షరాల మందంతోనూ లేదు. పేచీ అంతా 'పాఠకురాలు' దగ్గర. ముఖచిత్రం ఆమె మనసెరిగి, ఆమె కోసమే తయారైందన్న నమ్మకం ఉంది చూశారూ, ఆ పత్రికలు ఇంతవరకూ అమ్మిన సరుకులన్నిటిలోకీ అత్యంత గిరాకీ ఉన్నది అదే. చిరునామా ఆమెది, ఉత్తరం మాత్రం ఇంకొకరికి. అట్ట మీది అమ్మాయి చూసేది ప్రకటనలిచ్చే పెద్దమనిషి వైపు. మధ్యలో మనం నిలబడ్డాం కాబట్టి మనల్నే చూస్తోందని మురిసిపోతాం.

ఇది నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు. యజమానులే దాచుకోకుండా చెప్పారు. వోగ్ 1892లో న్యూయార్కులో పుట్టింది. అప్పట్లో అది అక్కడి కలవారి విందులూ వినోదాలూ రాసుకునే వారపత్రిక. 1909లో దాన్ని కాండే నాస్ట్ కొన్నాడు. ఆయన సాహిత్యం వైపు నుంచి వచ్చిన మనిషి కాదు, కోలియర్స్ అనే పత్రికలో ప్రకటనల విభాగం నడిపి చెయ్యి తిరిగినవాడు. తన సిద్ధాంతాన్ని ఆయన సూదులతో వివరించాడు. ఒక పళ్లెంలో 20 లక్షల సూదులున్నాయి. మీకు కావలసినవి బంగారు మొన ఉన్న లక్షన్నర సూదులే. ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. బంగారు మొనల్ని మాత్రమే లాగే అయస్కాంతం ఒకటి ఉంటే ఎంత ఖర్చు కలిసొస్తుందో కదా! ఆ అయస్కాంతమే మా పత్రిక అని ఆయన చెప్పినదాని సారాంశం.

బంగారం అయస్కాంతానికి అంటుకోదని ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ప్రకటనకర్తలెవరూ ఆ మాట ఎత్తినట్టు లేదు, చెక్కులు రాసిచ్చారు. సరే, ఈ ఉపమానంలో పాఠకురాలు ఎక్కడుంది? పళ్లెంలో. ఆవిడ సూది. అయస్కాంతానికి సూది మనసు తెలుసని, దాని ఆశలూ ఆకాంక్షలూ గౌరవిస్తుందని పిల్లల చేత పది మార్కులకి రాయిస్తున్నాం మనం.

నేటికీ పద్ధతి మారలేదు. ప్రకటనకర్తల ముందు పరచడానికి పేరున్న ఫ్యాషన్ పత్రికలు తమ పాఠకురాలి జాతకచక్రం ఒకటి వేయించి ఉంచుకుంటాయి. వయసు, ఊరు, ఆదాయం, అలవాట్లు, అన్నీ ఉంటాయి అందులో. దాన్ని బట్టి చూస్తే ఆవిడకి పాతికేళ్లు నిండి చాలాకాలమైంది గానీ నలభై ఎప్పటికీ రావు. జీతం ఎంతో పైకి చెప్పదు, ఖర్చు చెప్పకనే చెబుతుంది. ఏటా విదేశాలకి వెళ్తుంది, వీసా ఆఫీసు బయట ఫైలు నెత్తికి అడ్డం పెట్టుకుని ఎండలో మాత్రం నిలబడదు. ఆవిడ ఇంట్లో గ్యాస్ బండ అయిపోదు, పనిమనిషి నాగా పెట్టదు, అత్తగారికి మోకాళ్ల నొప్పులుండవు. పిల్లలుంటే ఫొటోకి పనికొచ్చే పిల్లలు, వాళ్లకి జలుబు చేయదు. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఒక్క పిల్లకి ఇన్ని శుభలక్షణాలు అంటగట్టడానికి కాస్త జంకుతాడు. ఇన్నీ ఉన్న మనిషి, ఏ చేతిసంచి పట్టుకోవాలో ఇంకొకరు చెబితే గానీ తోచక నెలనెలా ఒక పత్రిక ఎందుకు కొంటుందో మాత్రం ఆ జాతకంలో కనపడదు.

అసలు పాఠకురాలిని చూడాలనుంటే బ్యూటీ పార్లర్‌కి వెళ్లాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్లెక్కి వెళ్లే చిన్న పార్లర్ ఒకటుంది. రెండు కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాను, అద్దం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద నాలుగైదు ఇంగ్లిషు ఫ్యాషన్ పత్రికలు. పైదాని అట్ట అంచులు చుట్టుకుపోయాయి. ధర వేసిన మూల మీద వ్యాక్సు చుక్క పడి ఎండిపోయింది. లోపలి పేజీలు ఎవరూ తిప్పిన జాడ లేదు, కొన్ని ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. నాకంటే ముందు కూర్చున్నావిడ బ్యాంకులో పనిచేస్తుందనుకుంటాను, మెడలో ఐడీ కార్డు అలాగే వేలాడుతోంది. అట్ట మీది హీరోయిన్ కనుబొమ్మ మీద వేలు పెట్టి, "ఇదిగో, సరిగ్గా ఇలా రావాలమ్మా" అంది. పార్లర్ అమ్మాయి పళ్ల మధ్య దారం బిగపట్టుకునే ఆ బొమ్మ వంక ఒక్క క్షణం చూసింది. దారం వదిలి, "మేడం, గది దారంతోని కాలే, కంప్యూటర్ల జేసిన్రు. మీకెన్ని వెంట్రుకలున్నయో గన్నిట్లనే నేను జేస్త" అంది.

ముఖచిత్రాల మీద ఇంతకంటే నిక్కమైన విశ్లేషణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ అమ్మాయిని ఏ విశ్వవిద్యాలయమూ పిలిచి ఉపన్యాసం ఇప్పించదు.

పుస్తకాలవాళ్లకి మాత్రం 1988 నవంబరు నాటి అమెరికా వోగ్ అట్ట అంటే పటం కట్టి పూజ చేసేంత భక్తి. సంపాదకురాలిగా అన్నా వింటూర్ తొలి సంచిక అది. పీటర్ లిండ్‌బర్గ్ తీసిన ఫొటోలో మికేలా బెర్కూ అనే 19 ఏళ్ల ఇజ్రాయెలీ మోడల్ ఆరుబయట నవ్వుతూ ఉంటుంది. పైన క్రిస్టియన్ లక్రువా తయారుచేసిన జాకెట్, గుండెల మీద మెరిసే రాళ్ల శిలువ, ధర 10,000 డాలర్లు. కింద 50 డాలర్ల జీన్సు. రెంటికీ మధ్య కాస్త పొట్ట కనిపిస్తోంది. అట్ట చూసిన అచ్చాఫీసువాళ్లు, ఏదైనా పొరపాటు జరిగిందా అని ఫోన్ చేసి అడిగారట. ఆ తర్వాత పండితులు ఆ అట్ట మీద పడ్డారు. ఖరీదైనదీ చవకదీ కలిసిపోయిన మహత్తర ఘడియ అన్నారు, వీధిలోని మామూలు అమ్మాయిని అందలం ఎక్కించిన విప్లవం అన్నారు, మారుతున్న పాఠకురాలి నాడి పట్టుకున్న సంపాదక ప్రతిభ అన్నారు.

జరిగిందేమిటో వింటూర్ గారే తర్వాత చెప్పారు. ఆ జాకెట్‌కి జతగా ఒక స్కర్టు ఉంది. సెలవులకి ఇంటికెళ్లొచ్చిన అమ్మాయి కాస్త ఒళ్లు చేసింది. స్కర్టు పట్టలేదు. జీన్సు తొడిగారు. అంతే సంగతులు. మన వీధి టైలరు జాకెట్టు పక్కల రెండు మూడు కుట్లు వరసగా వేసి ఉంచుతాడు, పండక్కి పుట్టింటికెళ్లొస్తే ఒక కుట్టు విప్పుకోమని. అలాంటివాడు ఒక్కడు పారిస్‌లో ఉండుంటే ఫ్యాషన్ ప్రపంచానికి ఈ విప్లవం దక్కేది కాదు.

ఇంకో ముక్క కూడా వింటూర్ గారు ఒప్పుకున్నారు. ఆ ఫొటోలో అమ్మాయి మనవైపు చూడటం లేదు. కళ్లు దాదాపు మూసుకునే ఉన్నాయి, జుట్టు ఎగిరి మొహం మీద పడింది. మరి సూటి చూపుతో వచ్చే ఆత్మీయత ఏమైనట్టు? కంగారు పడక్కర్లేదు, నోట్సులో దానికీ జవాబుంది. చూస్తే ఆత్మీయత, చూడకపోతే సహజత్వం. నవ్వితే స్నేహం, నవ్వకపోతే గాంభీర్యం. ఎటు వేసినా గెలుపు తమదే అయ్యేట్టు రాసిపెట్టుకున్న శాస్త్రం ఇది. జ్యోతిషం చెప్పేవాడైనా ఎప్పుడో ఒకసారి తప్పుతాడు.

బొమ్మ సంగతి అలా ఉంచి, దాని చుట్టూ ఉన్న వాక్యాలకి వద్దాం. విదేశాల్లో పత్రికల దుకాణంలో ఒకదాని అంచు మీద ఇంకొకటి కప్పి పేరుస్తారు కాబట్టి ఎడమవైపు మూడో వంతు మాత్రమే పైకి కనబడుతుందని ఈ వృత్తిలో ఒక లెక్క ఉంది. అందుకని ఆశ పెట్టే మాటలూ భయపెట్టే మాటలూ అటువైపే సర్దుతారు. పొట్ట తగ్గడానికి ఇన్ని రోజులు, జుట్టు పెరగడానికి అన్ని చిట్కాలు, ఆయన మనసులో మాట కనిపెట్టడానికి ఇన్ని మార్గాలు. అదే అట్ట మీద అడుగున, 'నిన్ను నువ్వు ఉన్నది ఉన్నట్టు ప్రేమించుకో' అని ఒక ఉపదేశం. పై వాక్యం ప్రకారం చూస్తే ఉన్నది ఉన్నట్టు ఉండటమే రోగం. కింది వాక్యం ప్రకారం రోగాన్ని ప్రేమించాలి. మధ్యలో ఎక్కడో మందు ప్రకటన ఉంటుంది.

ఆడవాళ్ల అంతరంగం చదివి రాసినట్టుండే ఈ వాక్యాల విషయంలో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది. అమెరికా కాస్మోపాలిటన్ పత్రికకి 1965 నుంచి 1997 దాకా హెలెన్ గర్లీ బ్రౌన్ సంపాదకురాలు. ఆవిడ నడిపినన్నాళ్లూ ఆ అట్ట మీది వాక్యాలకి పెట్టింది పేరు. వాటిని రాసింది ఎక్కువగా ఆవిడ భర్త డేవిడ్ బ్రౌన్. ఆయన సినిమా నిర్మాత. 1975లో వచ్చిన 'జాస్' సినిమా తీసినవాళ్లలో ఒకరు. సొరచేపని చూపించి జనం సముద్రస్నానానికి వెళ్లాలంటేనే హడలెత్తేలా చేసిన చేతులే, ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు అద్దం ముందుకు వెళ్లాలంటే హడలెత్తేలా వాక్యాలు అల్లాయన్న మాట. తేడా ఏమిటంటే సినిమా రెండు గంటల్లో అయిపోతుంది, సొరచేప చస్తుంది.

బొమ్మలు దిద్దడం గురించి రాయాలంటే ఒక భారతం. 1989లో అమెరికాలో టీవీ గైడ్ అనే పత్రిక, ఫ్యాషన్ పత్రిక కాదనుకోండి, ఓప్రా విన్‌ఫ్రే తలను తెచ్చి ఆన్ మార్గ్రెట్ అనే నటి ఒంటికి అతికించి అట్ట మీద వేసింది. తల ఇచ్చినావిడనీ అడగలేదు, మొండెం ఇచ్చినావిడనీ అడగలేదు. ఒకరి తల ఇంకొకరి ఒంటికి అతికించడం మనకి వినాయకుడి కథలో తెలిసిందే, కానీ పరమశివుడు ఆ పని పార్వతి ఏడుపు చూడలేక చేశాడు. 2003లో కేట్ విన్‌స్లెట్ కాళ్లని బ్రిటన్ జీక్యూ పత్రికవాళ్లు సన్నగా సాగదీస్తే, నేను అలా ఉండను మహాప్రభో అని ఆవిడే మొత్తుకుంది. 2017లో బ్రిటన్ గ్రాజియా అట్ట మీద లుపిటా న్యోంగో జుట్టులో ఒక భాగం మాయమైంది. ఆవిడ జుట్టు ఆఫ్రికన్ జుట్టు. నున్నగా ఉంటే తప్ప అందం కాదని కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఎవరో నేర్పారు.

వీటన్నిటిలో మకుటాయమానం 2009 సెప్టెంబరు నాటి సెల్ఫ్ పత్రిక. ఆ అట్ట మీద గాయని కెల్లీ క్లార్క్‌సన్. అప్పుడావిడ కాస్త బొద్దుగా ఉండేది, అందుకు చింత ఏమీ లేదని హాయిగా చెప్పుకునేది కూడా. పత్రికవాళ్లు ఆవిడని సన్నగా చెక్కి వేశారు. గొడవైతే సంపాదకురాలు సమర్థించుకుంది: మనిషిలోని అత్యుత్తమ రూపాన్ని చూపడం మా ధర్మం అన్నట్టు. ఇంతకీ ఆ సంచిక దేని గురించి? మన శరీరం మీద మనకుండాల్సిన ఆత్మవిశ్వాసం గురించి. ఆత్మవిశ్వాసం పుష్కలంగా ఉన్న మనిషిని పట్టుకొచ్చి, ఆ ఆత్మవిశ్వాసం ఏ కండలో దాక్కుందో వెతికి మరీ కోసేసి, మిగిలినదాన్ని ఆత్మవిశ్వాసానికి నమూనాగా అట్ట మీద వేశారు.

ఫ్రాన్స్ ప్రభుత్వానికి కోపం వచ్చి చట్టం చేసింది. 2017 అక్టోబరు నుంచి మోడల్ ఒంటిని కంప్యూటర్‌లో లావో సన్నమో చేస్తే ఆ ఫొటో మీద 'దిద్దిన ఫొటో' అని రాయాలి, లేకపోతే 37,500 యూరోల దాకా జరిమానా. బాగానే ఉంది. కాకపోతే అది వ్యాపార ప్రకటనల ఫొటోలకి వర్తించే చట్టం. ముఖచిత్రం ప్రకటన కాదు, సంపాదకీయం. లోపల ఒక కంపెనీ డబ్బు కట్టి వేయించుకున్న ఫొటోకి నియమం, అదే కంపెనీ గౌను తొడిగి అట్ట మీద నిలబెట్టిన ఫొటోకి మినహాయింపు. ముఖచిత్రం ప్రకటన కాదని మనస్ఫూర్తిగా నమ్మినది లోకంలో ఒక్క చట్టమే.

మన దేశానికి ఈ అయస్కాంతం ఎలా చేరిందో చూడాలి. ఎల్ పత్రిక 1996లోనే వచ్చింది. వోగ్ 2007 అక్టోబరులో అడుగుపెట్టింది. భారతీయ స్త్రీ కోసం ప్రత్యేకంగా తెచ్చామన్నారు. ఆ తొలి అట్ట మీద ఒకపక్క బిపాషా బసు, ఇంకోపక్క ప్రియాంకా చోప్రా. నట్టనడుమ? జెమ్మా వార్డ్ అనే ఆస్ట్రేలియా మోడల్. గృహప్రవేశం ఇంటివాళ్లది, పీటల మీద మాత్రం పక్కూరివాళ్లు. పదేళ్ల పండగకి, 2017 మేలో, అట్ట మీదికి అమెరికా నుంచి కెండల్ జెన్నర్ వచ్చింది. ఇదేమిటని జనం అడిగితే పత్రిక లెక్క చెప్పింది: పదేళ్లలో విదేశీ ముఖాలు 12 మాత్రమే, 90 శాతం మనవాళ్లే అని. లెక్క సరైనదే. కాకపోతే మొదటి పంక్తిలోనూ పుట్టినరోజు పంక్తిలోనూ విస్తరి ఎవరికి వేశారన్నది శాతాల్లో తేలే విషయం కాదు.

రంగు సంగతి సరేసరి. 2010 ఏప్రిల్‌లో వోగ్ ఇండియా చామనచాయ మోడళ్లను అట్ట మీద వేసి, నలుపు అందాన్ని తానే కనిపెట్టినట్టు పండగ చేసింది. అదే ఏడాది డిసెంబరు నాటి ఎల్ ఇండియా అట్ట మీద ఐశ్వర్యా రాయ్ ఒంటి రంగు తేల్చారని ఆరోపణ వచ్చింది. ఐశ్వర్యా రాయ్‌కే తెలుపు చాలకపోతే ఇక తెనాలిలోనూ ఖమ్మంలోనూ పుట్టిన వాళ్లకి చేసే సాయం ఏముంటుంది? నలుపు ఒక నెల ప్రత్యేక సంచిక. మిగతా పదకొండు నెలలూ మామూలు సంచికలు.

అట్ట దాటి ఒక్కసారి లోపలికి వెళ్తాను, ఎందుకంటే ఈ పాఠకురాలి సిద్ధాంతం బట్టబయలైంది అక్కడే. 2008 ఆగస్టు సంచికలో వోగ్ ఇండియా కొన్ని ఫొటోలు వేసింది. పై పళ్లు ఊడిపోయిన ఒక ముసలమ్మ, చంకలో పసివాడు, వాడి మెడకి ఫెండి కంపెనీవాళ్ల చొంగగుడ్డ. ధర సుమారు 100 డాలర్లు. చెప్పుల్లేని కాళ్లతో ఒక మనిషి, చేతిలో 200 డాలర్ల బర్‌బెరీ గొడుగు. మోటారుసైకిల్ మీద భార్యాభర్తా పిల్లా, ఆవిడ ముంజేతికి హెర్మెస్ వాళ్ల బిర్కిన్ సంచి. దాని ధర 10,000 డాలర్లు దాటుతుంది. ఆ రోజుల్లో ఆ డబ్బుతో అలాంటి బండ్లు తొమ్మిదో పదో వచ్చేవి. ఫొటోల కింద వివరాలున్నాయి. గొడుగు పేరు రాశారు, సంచి పేరు రాశారు, చొంగగుడ్డ పేరు రాశారు. మనుషుల పేర్లు లేవు. ఎవరో ఒక స్త్రీ, ఎవరో ఒక పురుషుడు.

విమర్శలొస్తే సంపాదకురాలు, అంత బరువుగా తీసుకోకండి, ఫ్యాషన్ ఇక ధనవంతుల సొత్తు కాదని చూపించాం అన్నట్టుగా జవాబిచ్చింది. నిజమే, ధనవంతుల సొత్తు కాదు. ఫొటో తీసే ఆ పది నిమిషాలు ఆ ముసలమ్మ మనవడిది. ఆ తర్వాత గుడ్డ విప్పి, మడత నలక్కుండా పెట్టెలో పెట్టి, పంపినవాళ్లకి తిరిగి పంపేసి ఉంటారు. చొంగ మాత్రం పిల్లవాడి దగ్గరే మిగులుతుంది.

"ఇష్టం లేకపోతే కొనకండి, ఆడవాళ్లే కదా కొంటున్నారు, మేం కలలు అమ్ముతాం" అన్నది ఈ రంగంలో అందరి నోటా వినబడే మాట. అందమైన బొమ్మ చూడటం నాకూ ఇష్టమే, ఎవరికుండదు? కానీ కలకి పట్టీ ఎందుకు? అట్ట దాటాక విషయసూచిక పేజీ అడుగున, భూతద్దం పెడితే గానీ కనబడని అక్షరాల్లో ఒక జాబితా ఉంటుంది. అట్ట మీది గౌను ఫలానా కంపెనీది, చెవి దిద్దులు ఫలానావి, చెప్పులు ఫలానావి. ఫొటోలో కాళ్లే లేకపోయినా ఒక్కోసారి చెప్పుల పేరు ఉంటుంది. ఆ పక్కనే, ఈ రూపం మీకూ రావాలంటే ఫలానా కంపెనీ ఫౌండేషన్, ఫలానా కంపెనీ మస్కారా ప్రయత్నించండి అని ఉంటుంది. ఆ క్రియాపదాన్ని జాగ్రత్తగా చూడండి. ప్రయత్నించండి అంటారు. మేం ఇవే వాడాం అనరు. బొమ్మకి ఏం పూశారో ఆ మేకప్‌మేన్‌కి తెలుసు, ఎవరి పేరు రాయాలో ప్రకటనల విభాగానికి తెలుసు.

ఆ విభాగం బరువెంతో తూచి చూడాలంటే 2012 సెప్టెంబరు నాటి అమెరికా వోగ్ చాలు. అట్ట మీద లేడీ గాగా, లోపల 916 పేజీలు. అందులో ప్రకటనలు 658. పాఠకురాలి వంతు 258 పేజీలు, అందులోనూ ఫలానా కంపెనీవి ప్రయత్నించమనే పేజీలు తీసేస్తే ఎన్ని మిగులుతాయో ఓపికున్నవాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. అంత లావు పుస్తకానికి ఒకే ఒక్క అట్ట. దాని పని 658 పేజీలవాళ్ల మనసు నొప్పించకుండా ఉండటమే గానీ, ఇంకెవరి మనసో దోచుకోవడం ఎలా అవుతుంది?

మనవాళ్లు ఈ విషయంలో నిజాయితీపరులని చెప్పాలి. 1928లో మద్రాసు నుంచి 'గృహలక్ష్మి' మాసపత్రిక మొదలైంది. నడిపింది కె.ఎన్. కేసరి. ఆయన వైద్యుడు, కేసరి కుటీరం యజమాని, ఆడవాళ్లకి 'లోధ్ర' అనే మందు తయారుచేసి అమ్మేవాడు. ఆడవాళ్ల పత్రిక, ఆడవాళ్ల మందు, రెంటికీ ఒకే చిరునామా. ఇక్కడ ముసుగేమీ లేదు: అమ్మా, చదువుకో, నీరసంగా ఉంటే ఇది తాగు. పత్రిక చదివినావిడకి ఆ మందు ఎవరిదో తెలుసు, అది అమ్మేది ఎవరో తెలుసు. పైగా ఆ పేజీల్లో ఆడవాళ్లు తామే కథలూ వ్యాసాలూ రాసుకున్నారు.

పాతదంతా బంగారం అనే జబ్బు నాకు లేదు. మన ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య గీసిన అమ్మాయి నడుము కూడా ఏ టైలరు టేపుకీ దొరికేది కాదు. 'యువ' అట్టలు చూసిన వాళ్లకి ఆ నడుములు ఇప్పటికీ గుర్తే. కాకపోతే అది కుంచెతో గీసిన బొమ్మ అని అందరికీ తెలుసు, అది చూసి అలా కమ్మని పార్లర్‌లో ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి కట్టిన చీర ఎవరు నేశారో, కొప్పులో పువ్వు ఏ కొట్టుదో అడుగున రాసి ఉండేది కాదు. సినిమా తారల ఫొటోలు అట్టలకెక్కాక ఆ బొమ్మలు పక్కకి తప్పుకున్నాయి. తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

ఈమధ్య వ్యవహారం మరీ సులువైపోయింది. డిజిటల్ కవర్ అని వచ్చింది. అంటే అట్ట ఉంటుంది, పుస్తకం ఉండదు. కొనడానికి కొట్టు లేదు, పేర్చడానికి బల్ల లేదు, ఎడమవైపు మూడో వంతు గొడవ లేదు. సినిమా విడుదలయ్యే వారం చూసుకుని హీరోయిన్ ఇన్‌స్టాగ్రామ్‌లో అట్టై ప్రత్యక్షమవుతుంది. మన తెలుగు హీరోయిన్ అయితే అభిమానులకి ఇక పండగే, ఫలానా పత్రిక అట్ట మీద మన అమ్మాయి అని ఊరంతా పంచుతారు. లోపల ఏం రాశారని ఒక్కరూ అడగరు. లోపల అంటూ ఒకటుంటే కదా. నూరేళ్లుగా పేజీల వెనక దాక్కున్న ప్రకటనకర్త, ఆ పేజీలు కాస్తా ఊడిపోయేసరికి బయటపడ్డాడు. చిన్నక్షరాల జాబితా అడుగునుంచి పైకొచ్చి బొమ్మ పక్కనే కూర్చుంది: చీర ఫలానా, నగలు ఫలానా, జుట్టు ఫలానా, ఒక్కోదానికీ ఒక్కో ట్యాగు.

కింద కామెంట్లలో ఒకావిడ ఆ చీర ఎక్కడ దొరుకుతుందండీ అని అడుగుతుంది. పైన ట్యాగ్ చేశారు కదండీ అని ఇంకొకావిడ జవాబిస్తుంది. ధర ఎంతో తెలియాలంటే మాత్రం మెసేజ్ పెట్టాలట.